కానరాని గాయము

యుద్ధమున దెబ్బతిన్న సైనికుని గౌరవింపవలెనా యను ప్రశ్నకు ఏ దేశమందును రెండు సమాధానములు లేవు. కాలు పోయినవానిని, కన్ను పోయినవానిని, ఱొమ్మున గుండు దిగినవానిని చూచినపుడు పగవానికైనను చేయి జోడింప బుద్ధి పుట్టును. చిక్కెల్లను దెబ్బ యనగా నేమి యను ప్రశ్నతో వచ్చుచున్నది. నెత్తురు కాఱినదే దెబ్బయా? మేన గీటైనను లేకుండ ఇల్లు చేరి, రాత్రి నిదుర లేక, పగలు తలుపు చప్పుడైనను ఉలికిపడుచు, ఆలుబిడ్డల నడుమ నుండియు పరదేశమున నున్నవానివలె బ్రదుకు సైనికుడు దెబ్బతిన్నవాడా, కాడా? అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రభుత్వము ఈ ప్రశ్నను విచారించి, కాడని 2009లో తీర్పు చెప్పినది. ఆ తీర్పు తప్పనియు, దానిని దిద్దుకొనుట న్యాయమనియు ఈ వ్యాసమున నిరూపింప దలచితిని.

ముందుగా ఆ పదకము సంగతి తెలియవలెను. 1782 ఆగస్టు 7వ తేదీన జార్జి వాషింగ్టను తన సేనలోని సామాన్య సైనికుల యోగ్యతను గుర్తించుటకై ఊదారంగు గుడ్డతో హృదయాకారమున నొక చిహ్నము నేర్పఱచెను. ఆనాడది గాయమునకు గుర్తు కాదు, యోగ్యతకు గుర్తు. తరువాత మఱుగుపడిన యా చిహ్నమును, వాషింగ్టను పుట్టి రెండువందల యేండ్లు నిండిన 1932 ఫిబ్రవరి 22వ తేదీన, నాటి సేనాధిపతి డగ్లస్ మెకార్థరు పూనికతో పదకముగా పునరుద్ధరించి 'పర్పుల్ హార్టు' అని పిలిచిరి. అప్పుడును గాయపడినవారికే కాక ప్రశంసనీయమైన సేవ చేసినవారికిని ఇచ్చుచుండిరి. 1942లో గాయపడినవారికిని, గాయములచే మరణించినవారికిని మాత్రమే యని కట్టడి చేసిరి. తీవ్రమైన మంచువలన అవయవములు చెడి ఆసుపత్రి చేరినవారికి 1951 వఱకు ఆ పదకము చెల్లెను, పిదప చెల్లదనిరి. శత్రువును కొట్టబోయి స్వపక్షమువారు పొరబాటున కాల్చిన గుండు తగిలినవారికి సయితము ఈయవలెనని 1993లో శాసనము చేసిరి. ప్రేలుడు తాకిడికి మెదడు అదిరినవారికి, పైకి గాయము లేకున్నను, వైద్యాధికారి చికిత్స యవసరమైనచో పదకము చెల్లునని 2011లో స్పష్టపఱచిరి. ఈ చరిత్ర నింతగా చెప్పుటకు కారణమున్నది. ఈ నిబంధనలు అపౌరుషేయములు కావు. మనుష్యులు వ్రాసిరి, మనుష్యులే పలుమాఱులు దిద్దిరి. కావున 'నిబంధన యొప్పుకొనదు' అనుట వాదము కానేరదు; ఆ నిబంధన న్యాయమా యన్నదే వాదము.

ఇరాకు, ఆఫ్ఘనిస్తాను యుద్ధములనుండి మరలివచ్చినవారిలో వేలకొలది మంది మనస్సు చితికి బాధపడుచుండగా, 2008 మే నెలలో నాటి రక్షణమంత్రి రాబర్టు గేట్సు టెక్సాసులోని ఫోర్టు బ్లిస్ శిబిరమున ఈ ప్రశ్న నాలకించి, ఇది పరిశీలింపదగినదే యని యొప్పుకొనెను. పరిశీలన ముగిసి 2009 జనవరిలో నిర్ణయము వెలువడెను. అది రెండు కాళ్లపై నిలిచినది. ఈ మనోవ్యాధి శత్రువు బుద్ధిపూర్వకముగా బయటినుండి కలిగించిన గాయము కాదు, ఘోరమును చూచుటచేతనో అనుభవించుటచేతనో పిదప కలుగు ఫలితము మాత్రమే యనుట మొదటిది. దీనిని నిష్పాక్షికముగా నిర్ణయించు కొలబద్ద లేదనుట రెండవది. ఈ పదకము పొందినవారి సంఘమొకటి వీనికి మూడవ కాలు చేర్చినది: నెత్తురు చిందినవారి గౌరవము పలుచనగునట.

వీనిని వరుసగా విచారింతము.

మొదటిది, 'బయటినుండి తగిలినదే గాయము' అను మాట. 2020 జనవరి 8వ తేదీన ఇరాకులోని ఐన్ అల్ అసద్ స్థావరముపై ఇరాను క్షిపణులు పడెను. అమెరికావారి కెవ్వరికిని హాని కలుగలేదని మొదట ప్రకటించిరి. కొన్నాళ్లకు సైనికులు కొందఱు చికిత్సకు పంపబడగా, తలనొప్పులని వింటిననియు, అంత తీవ్రములు కావనియు దేశాధ్యక్షుడు ట్రంపు చెప్పెను. ఆ తలనొప్పులే నెల దాటునప్పటికి నూఱుమందికి పైగా మెదడు దెబ్బలుగా తేలినవి. ఆ మే నెలలో 29 మందికి పర్పుల్ హార్టు మంజూరయ్యెను. 2021 డిసెంబరులో మఱి 39 మందికి మంజూరయ్యెను. ఒక్క నెత్తుటిబొట్టు రాలలేదు. పైకి కనబడిన చిహ్నమేమియు లేదు. అయినను అది గాయమే యని ప్రభుత్వ మంగీకరించినది, మంచిదే. కాని అదే రాత్రి, అదే కందకమున, అదే క్షిపణి మ్రోతకు మెదడు అదరక మనస్సు విఱిగిన పొరుగువాని మాట యేమి? ఆ క్షిపణిని శత్రువు బుద్ధిపూర్వకముగా విసరలేదా? అది బయటినుండి రాలేదా? ప్రేలుడు గాలి కపాలమున జొచ్చినచో గాయమట. ఆ ప్రేలుడే కంటిగుండ చెవిగుండ జొచ్చినచో గాయము కాదట. ద్వారము మాఱినంత మాత్రమున కొట్టినవాడు మాఱునా? ఇక స్వపక్షమువారి గుండునకు పదకము చెల్లునన్న తరువాత, శత్రువు చేతినుండియే రావలెనను పట్టుదలకు మిగిలిన బలమెంత?

'చూచుటచేత కలిగినది' అను మాటలో నొక దురర్థము దాగియున్నది. సైనికుడు రంగస్థలము ముందు కూర్చున్న ప్రేక్షకుడైనట్లును, వాని కన్నులే వానికి ద్రోహము చేసినట్లును అది ధ్వనించుచున్నది. బండి క్రింద మందుపాతర ప్రేలి ప్రక్కనున్న చెలికాడు ముక్కలై తన ఒడిలో పడినపుడు, బ్రదికినవాడు చూచినవాడు కాడు, కొట్టబడినవాడు. భయపెట్టుట సైతము యుద్ధమున నొక యాయుధమే. శంఖధ్వనులు శత్రువుల గుండెలు చీల్చినవని చెప్పుకొను జాతికి ఈ సంగతి క్రొత్తగా బోధింప నక్కఱలేదు.

రెండవది, కొలబద్ద లేదను మాట. సుశ్రుతుడు యంత్రములను గూర్చి చెప్పుచు, మనస్సునకును శరీరమునకును బాధ కలిగించునదంతయు శల్యమే యని నిర్వచించెను. శస్త్రవైద్యమునకు మూలపురుషుడని మనము గౌరవించు నాతడు మనస్సును ముందు చేర్చుటకు వెనుదీయలేదు. అంతేకాదు, సూత్రస్థానమున నొక యధ్యాయమంతయు కనబడకుండ మేనిలో దాగియున్న శల్యమును గుర్తించు విధమునకే కేటాయించెను. పైకి తోపనంత మాత్రమున ములుకు లేదని యాతడు రోగిని పొమ్మనలేదు. ఏయే లక్షణములచేత దానిని కనుగొనవచ్చునో విచారించెను. కానరానిదానిని లక్షణములచే ఎఱుగుటయే గదా వైద్యుని విద్య! కడుపునొప్పిని ఎవ్వడు కంట చూచెను?

ఈ వ్యాధికి లక్షణములు లేకపోలేదు. అమెరికా అంతర్యుద్ధ సైనికుల గుండెదడను పరిశీలించి డాకోస్టా యను వైద్యుడు 1871లో ప్రకటించెను. 1915లో చార్లెస్ మయర్సు 'లాన్సెట్' వైద్యపత్రికలో దీనినే 'షెల్ షాక్' అని వ్రాసెను. వియత్నాము యుద్ధానంతరము 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము దీనికి తన వ్యాధినిర్ణయ గ్రంథమున స్థానమిచ్చినది. జరిగినది మరల మరల కన్నులకు కట్టుట, దానిని తలపించు చోట్లకు మనుష్యులకు దూరముగ తొలగుట, నిరంతరము పగవాడు పొంచియున్నట్లు మేలుకొనియుండుట, ఇవి యొక నెలకు మించి విడువక జీవితమును చెఱచుట అను లక్షణములను కూర్చి నిర్ణయము చేయుదురు. అంతకంటె విచిత్రమేమనగా, ఈ వ్యాధి నిజమని అమెరికా ప్రభుత్వమే దినదినము ఒప్పుకొనుచున్నది. అచటి మాజీ సైనికుల శాఖ దీనికి వైకల్యభృతి నిచ్చుచున్నది. శత్రుభయముచే కలిగిన వ్యాధి విషయమున, సైనికుని కథనము అతడున్న స్థలకాలములకు పొసగి, ప్రభుత్వ వైద్యుడు ధ్రువపఱచినచో, ఆ సంఘటనకు వేఱు సాక్ష్యము తేనక్కఱలేదని 2010లో నియమమును సడలించినది కూడ. బొక్కసపు తాళము తెఱచుటకు చాలిన రుజువు గుడ్డముక్కను గ్రుచ్చుటకు చాలదా? భృతికి రుజువు తేలికగా నుండవచ్చును, గౌరవమునకు కఠినముగా నుండవలెనందురేని, కఠినముగనే యుంచుడు. పరీక్ష కఠినము చేయుట వేఱు, పరీక్షకే రావలదని తలుపు మూయుట వేఱు.

దొంగరోగములు పుట్టుననుట ఇందు ఉపశాఖ. పుట్టవచ్చును. మొదటి ప్రపంచయుద్ధమున తన చేతిపై తానే తుపాకి కాల్చుకొని యిల్లు చేరజూచినవారుండిరి. అందుచేత చేతి గాయములన్నియు అబద్ధములని ఏ సేనయు తీర్మానింపలేదు. విచారించి దొంగను శిక్షించిరి, నిజమైనవానికి కట్టుకట్టిరి. బడిలో తలనొప్పి యని యబద్ధమాడు బాలుని ప్రతి యుపాధ్యాయు డెఱుగును. అందువలన ఏ బాలునికిని తల నొప్పింపదని తలంచువాడు బడి నడపుటకు తగడు.

ఈ అపనమ్మకము ఎచటికి కొనిపోవునో చూపుటకు ఒక చరిత్ర చాలును. మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు సేనలో సుమారు 80,000 మంది ఈ వ్యాధికి లోనైరని లెక్క. వారిని రెండు తెగలుగ విభజించిరి. ప్రక్కన గుండు ప్రేలి వ్యాధి వచ్చినదని దళాధికారి వ్రాసియిచ్చినచో వాని కాగితముపై గాయమును తెలుపు అక్షరము వేసిరి. వాడు చొక్కా చేతిపై గాయపు పట్టీ ధరింపవచ్చును, భృతి పొందవచ్చును. నెలలకొలది గుండ్లవానలో నిలిచి మెల్లమెల్లగ చితికినవానికి రోగమును తెలుపు అక్షరము వేసిరి. వానికి ఆ పట్టీ లేదు. ఒకే గదిలో, ప్రక్కప్రక్క మంచములపై, ఒకే వణుకుతో పడియున్న యిరువురు ఒక్క యక్షరముచేత ఒకడు వీరుడును ఒకడు పిఱికివాడును ఐరి. 1917లో 'షెల్ షాక్' అను మాటనే వాడరాదని, 'ఇంకను నిర్ణయింపబడని నరముల జబ్బు' అని వ్రాయవలెనని యాజ్ఞ యయ్యెను. పేరు మాన్పినచో జబ్బు మానునని వారి యాశ కాబోలు! 1922లో ఈ విషయమునకై యేర్పడిన సంఘము, ఇటువంటి మనోవైకల్యమును యుద్ధగాయముగ లెక్కింపరాదని సిఫారసు చేసినది. ఎనుబదియేడేండ్ల పిదప అమెరికావారు చెప్పిన తీర్పునకు ఇది తల్లి.

ఆ తల్లికి మఱియొక బిడ్డ కలదు. హ్యారీ ఫార్ అను సైనికుడు 1915లో ఈ వ్యాధితో నెలల తరబడి ఆసుపత్రిలో నుండెను. నయమైనదని మరల యుద్ధభూమికి పంపిరి. 1916లో ముందుకు నడువలేనని నిలిచిపోగా, పిఱికితనమను నేరముపై విచారించి ఆ అక్టోబరులో కాల్చి చంపిరి. భార్యకు భృతి నిలిపివేసిరి. ఆ యుద్ధమున పరారి, పిఱికితనము మున్నగు నేరములకై తమ సేనచేతనే కాల్చబడి, 2006లో బ్రిటిషు శాసనసభచే క్షమింపబడినవారు 306 మంది. ఫార్ వారిలో నొకడు. తండ్రిపేరిటి మచ్చ తొలగుట చూచుటకు వాని కుమార్తె ముదుసలియై యుండెను. ఆ 306 మందియు రోగులని నేననను. కాని ఎవ్వరు రోగులో విడదీయుటకు నాడు ఎవ్వరికిని శ్రద్ధ లేకపోయెను. కానరాని గాయమును ఒప్పుకొనని రాజ్యమునకు ఒకే యొక పేరు మిగులును, అది పిఱికితనము. ఆ పేరు పెట్టిన పిమ్మట శిక్ష దానంతట నదే వచ్చును.

మూడవది, గౌరవము పలుచనగునను మాట. ఇది నెత్తురు చిందినవారి నోట వచ్చినది గావున మర్యాదతో వినవలెను. కాని గౌరవము చల్లకుండ కాదు, నీరు పోసినకొలది పలుచనగుటకు. ఒక యిల్లాలు రెండవ బిడ్డను ప్రేమించినచో మొదటి బిడ్డపై ప్రేమ సగమగునా? ఈ పదకము బాధను కొలుచు త్రాసు ఎన్నడును కాదు. రెండు కాళ్లు పోయినవానికిని, భుజమున చిన్న ముక్క గ్రుచ్చుకొని వైద్యాధికారిచే తీయించుకొన్నవానికిని ఒకే పదకము. మొదటివాడు రెండవవానిని చూచి తన గౌరవము తగ్గినదని వగవలేదు. ఆ చిన్న ముక్క మానిన పదియేండ్లకును రాత్రులు కేకలు వేయుచు లేచువానిని చూచి మాత్రము వగవవలెనా?

వీరికి వేఱొక పదకము చేయింతమని మధ్యవర్తులు కొందఱు చెప్పుదురు. దీనికి మనదేశపు పాఠకులకు వ్యాఖ్యాన మక్కఱలేదు. పంక్తిభేద మనగా నేమో మనము ఎఱుగుదుము. అన్న మొక్కటే, పరమాన్న మొక్కటే, కాని మీ విస్తరి వసారాలో వేసితిమి అనుట ఎట్టి మర్యాదయో మన సంస్కర్తలు తరతరముగ చెప్పుచు వచ్చిరి. ఆనాటి రెండక్షరముల వలెనే రేపు రెండు పదకములు మాటాడును. రెండవదానిని చూచినవాడెల్ల 'ఓహో, ఇతడు ఆ తెగవాడా' యనుకొనును. అట్టి పదకము నిచ్చుటకంటె ఈయకుండుట మేలు.

'వీరికి వైద్యము చేయింతము, ధనమిత్తము, పదకమెందుకు?' అనువారు మఱి కాలు పోయినవానికి కొయ్యకాలు చాలునని ఏల యనరు? వైద్యము రోగికి చెందును, భృతి నష్టమునకు చెందును. పదకము వేఱొక పని చేయును. 'ఇతడు మా పనిమీద పోయి, మాకొఱకు ఇట్లయ్యెను' అని రాజ్యము పదిమంది యెదుట పలుకు సాక్ష్యమది. ఈ వ్యాధికి గల ప్రథమశత్రువు సిగ్గు. 1943 ఆగస్టులో సిసిలీలోని ఆసుపత్రులలో జనరల్ పాటన్ ఇట్టి రోగుల నిరువురను పిఱికివారని తిట్టి చెంపపై కొట్టెను. వారిలో నొకనికి మలేరియా కూడ ఉన్నట్లు పిదప తేలినది. ఐసెన్‌హోవరు మందలించి పాటన్ చేత క్షమాపణ చెప్పించెను. నేడు సేనాపతులు కొట్టుట లేదు. కాని సైనికుడు ఆ చెంపదెబ్బను తనకు తానే కొట్టుకొనుచున్నాడు. చెప్పినచో నవ్వుదురని దాచును. దాచినకొలది పుండు లోతగును. అమెరికాలో మాజీ సైనికులు సంవత్సరమునకు 6,000 మందికి పైగా ఆత్మహత్య చేసికొనుచున్నారని అచటి ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. వారందఱును యుద్ధము చూచినవారు కారు, కారణములును పెక్కు. పదకముచే ఆ మరణములన్నియు ఆగునని చెప్పుట మోసము. కాని 'నీకు తగిలినది దెబ్బయే, అవమానము కాదు' అను మాట ప్రభుత్వ ముద్రతో వినబడినచో, కొందఱైనను వైద్యుని గుమ్మము త్రొక్కుదురు.

అట్లని యుద్ధమువలన దుఃఖపడినవారి కెల్ల పదకము పంచవలెననుట నా మతము కాదు. శాంతిపర్వారంభమున ధర్మరాజు రాజ్యము గెలిచియు అడవికి పోయెదనని యేడ్చును. ఆతనిని కొట్టినది శత్రుబాణము కాదు, తన విజయము. తాను చేసిన పనికై దహించుకొనిపోవు సైనికులు నేడును కలరు. వారికి భీష్ముడు కావలెను, పదకము కాదు. వారికి ఓదార్పును వైద్యమును ఈయుడు. గాయపు గుర్తు మాత్రము శత్రుచర్యకు గుఱియైనవానికే చెందవలెను. ఈ గీత గీయుట అసాధ్యమందురా? కెనడా ప్రభుత్వము 2008లో నెలకొల్పిన త్యాగపదకపు నిబంధనలలో ఈ గీతను గీచియే చూపినది. శత్రుచర్యకు నేరుగా సంబంధించినదని అర్హుడైన మనోవైద్యుడు పరిశీలించి చెప్పిన మనోవ్యాధి, ఆ పదకమునకు శరీరగాయముతో సమానముగ అర్హము. వేఱు పంక్తి లేదు, వేఱు విస్తరి లేదు. పొరుగింటివారు వ్రాయగలిగిన వాక్యమును అమెరికావారు వ్రాయలేమనుట శక్తి లేకనా, మనస్సు లేకనా?

ఇది దూరదేశపు తగవని చదువరులు త్రోసివేయరాదు. మన ప్రభుత్వమును శత్రుచర్యవలన నేరుగా గాయపడిన సైనికులకు పరాక్రమపదక మిచ్చుచున్నది; గాయమనగా నేమి యను ప్రశ్న మనకును తప్పదు. ఇంటికొక సైనికుని పంపి 'మిలిటరీ మాధవరము' అని పేరు పడిన పశ్చిమగోదావరి గ్రామము మనదే. ఇంతకును మించి, కానరాని వ్యాధిని దాచుటలో మన యిండ్లు ఏ సేనకును తీసిపోవు. జ్వరము వచ్చినచో వీధి వీధికి చెప్పుదుము. మనస్సు చెదరినచో తలుపు మూయుదుము. గాలి సోకినదందుము, కర్మమందుము, సంబంధములు తప్పిపోవునని రోగిని వెనుకగదిలో నుంచుదుము. ఒక మహారాజ్యము తన వీరుల విషయమున చేయుచున్నదియు అదే.

ఆ రాజ్యము వానిని పిలిచినపుడు దేహమును మాత్రమే పంపుమని యడుగలేదు. ధైర్యము కావలెననెను, విశ్వాసము కావలెననెను, అవసరమైనచో ప్రాణము కావలెననెను. ఇవి యన్నియు మనస్సునకు చెందినవి. ఆ మనస్సునే ముందు నిలిపి పోరాడించి, అది విఱిగి యింటికి వచ్చినపుడు దానికి దెబ్బ తగులదని వాదించుట కృతఘ్నత. 2009 నాటి తీర్పును త్రిప్పివ్రాయుటకు వలసిన వైద్యశాస్త్రము కలదు, చూచి వ్రాసికొనుటకు కెనడా నియమము కలదు, మున్ను పలుమాఱులు దిద్దిన సంప్రదాయమును కలదు. కొఱవడినది న్యాయబుద్ధి యొక్కటే.